వేలిముద్రకు తాళము – రహస్య సంఖ్యకు కాపలా

దాచేపల్లి ప్రాంతమున పత్తి, మిరప అమ్మిన సొమ్ము నేడు చాలవరకు బ్యాంకు ఖాతాలకే చేరుచున్నది. ఇనుప్పెట్టె తాళపుచెవిని మొలత్రాటికి కట్టుకొని తిరిగిన మన పెద్దల జాగ్రత్త మాత్రము ఈ ఖాతాల విషయమున అంతగా కానరాదు. ఏ.టి.ఎం. కార్డు కవరుమీదనే పిన్ వ్రాసి, రెండును కలిపి ఇతరుల చేతికిచ్చువారు ఇప్పటికిని కలరు.

పిన్ గాని, పాస్‌వర్డు గాని బయటపడినచో మార్చుకొనవచ్చును. వేలిముద్రను మార్చుకొనలేము. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిం కార్డుల వ్యాపారి, రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటు నుండి దస్తావేజుల నకళ్ళు తీసికొని, వానిపైనున్న వేలిముద్రలను రబ్బరు స్టాంపులవలె తయారుచేసి, ఇతరుల పేర సిం కార్డులు నడిపినట్లు బయటపడినది. పొలము కొన్న ప్రతి రైతు వేలిముద్రయు దస్తావేజుపై ఉండును గదా! ఆధార్‌తో జతపడిన ఖాతానుండి చిన్న యంత్రముపై నగదు తీయుటకు ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉన్న చాలును. పిన్‌తో గాని, ఓ.టి.పి.తో గాని పనిలేదు.

దీనికి విరుగుడు గలదు. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో వేలిముద్రకు తాళము వేసికొనవచ్చును. ఇందుకు మీ ఫోను నంబరు ఆధార్‌కు జతపడి ఉండవలెను. తాళము వేసిన పిమ్మట ఎరువుల దుకాణమున యంత్రము మీ వేలిని అంగీకరించదు. అది యంత్రపు లోపమని దుకాణదారుతో తగవు పడనక్కరలేదు. కొద్ది నిమిషములు తాళము తీసి, ఎరువు తీసికొనవచ్చును. కొంచెము శ్రమయే, గాని పంట సొమ్ముకన్న ఎక్కువ కాదు.

ఫోను చెల్లింపులలో పిన్ కావలసినది డబ్బు పంపుటకే, అందుకొనుటకు కాదు. “మిరపకాయలకు బయానా పంపుచున్నాము, పిన్ కొట్టండి” అనువాడు బేరగాడు కాడు. పి.ఎం. కిసాన్ పేర వాట్సాప్‌లో వచ్చు ఫైలును తెరువరాదు. అట్టివి ఫోనులోనికి చేరి ఓ.టి.పి.లను చదివివేయును.

సొమ్ము పోయినచో వెంటనే 1930కి ఫోను చేసి, బ్యాంకునకు తెలుపవలెను. ఖాతాదారుని తప్పుగాని, బ్యాంకు తప్పుగాని లేక మూడవవారి వలన సొమ్ము పోయి, బ్యాంకు సమాచారము అందిన మూడు పనిదినములలో తెలిపినచో నష్టము ఖాతాదారునిపై పడరాదని రిజర్వు బ్యాంకు 2017లో నియమము చేసినది. పిన్ తామే చెప్పినవారికి ఈ రక్షణ లేదు. చదువురాని వృద్ధుల ఫోనులకు వచ్చు బ్యాంకు సందేశములను గ్రామోద్యోగులు చదివి చెప్పుచుండవలెను. ఫిర్యాదు సంఖ్యను పాసుపుస్తకమున వ్రాసి ఉంచుకొనుడు.