పెండ్లి వీడియో తెరమీద ఆడకున్నచో

విజయవాడ కేంద్రము 1948 డిసెంబరులో ప్రసారములు ప్రారంభించిన నాటినుండి మన ప్రాంతపు శ్రోతలకు రేడియో ముల్లు త్రిప్పుట అలవాటైన పని. మీడియం వేవ్ మాత్రమే అందుకొను రేడియోలో షార్ట్ వేవ్ కేంద్రము కొరకు ఎంత వెదకినను ప్రయోజనము లేదు. అది రేడియో లోపమును కాదు, కేంద్రము లోపమును కాదు. పంపు పద్ధతికిని అందుకొను పద్ధతికిని పొత్తు కుదరలేదు, అంతే. పిల్లలు ఆటలాడుకొను గేమ్ కన్సోలులో వీడియో ఆడకపోవుటకు మూలము కూడ తరచుగా ఇదియే.

దివిసీమలోని ఒక ఇంట పెండ్లి జరిగినదనుకొందము. ఫోటోగ్రాఫరు ఇచ్చిన పెన్ డ్రైవులో వధువును ఆశీర్వదించుచున్న తాతగారి రూపమును, మాటయు ఉన్నవి. ఆయన ఇప్పుడు లేరు. సంవత్సరీకమునాడు బంధువులందరు చేరగా, మనుమడు పెన్ డ్రైవును కన్సోలుకు తగిలించును. ఈ ఫైలును ఆడించుట సాధ్యము కాదని తెరపై కనబడును. ఫార్మాట్ చేసిన సరిపోవునని ఎవరో సలహా చెప్పుదురు.

మేము మొదట చెప్పదలచినది ఇదియే: ఆ సలహా వినరాదు. ఫార్మాట్ చేయుట యనగా పలకను తుడిచివేయుట వంటిది. ముందుగా వీడియోను కంప్యూటరులోనికి నకలు తీసికొని, అక్కడ ఆడునో లేదో చూడవలెను. ఉచితముగా లభించు వి.ఎల్.సి. అను ప్రోగ్రాము ఇందుకు తగినది. అందులోను ఆడనిచో ఫైలే చెడియుండవచ్చును. ఫోటోగ్రాఫరు వద్ద మూలప్రతి ఉన్నదేమో వెంటనే విచారింపవలెను. కంప్యూటరులో చక్కగా ఆడినచో భయము లేదు. ఇక పరిశీలింపవలసినవి మూడు.

మొదటిది పెన్ డ్రైవు. ఉదాహరణకు ప్లేస్టేషన్ 4 ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతులలో సిద్ధపరచిన పెన్ డ్రైవులను చదువును, ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిని చదువజాలదు. ఫ్యాట్32లో 4 గిగాబైట్ల ఫైలు పట్టదు. గంటల తరబడి సాగు పెండ్లి వీడియో ఆ హద్దును సులభముగా దాటును. కావున ఎక్స్‌ఫ్యాట్ మేలు.

రెండవది ఫైలు రకము. ఎం.పి.4, ఎం.కె.వి. మొదలగునవి నూజివీడు మామిడిపండ్ల బుట్టల వంటివి. చిత్రమును, శబ్దమును ఒకే బుట్టలో వేర్వేరుగా సర్దియుందురు. ఫైలు పేరు చివరనుండు అక్షరములు బుట్టపై చీటి మాత్రమే. చీటి మార్చినంతనే బంగినపల్లి చిన్నరసము కానట్లు, పేరు మార్చినంతనే ఫైలు మారదు.

మూడవది లోపలి పండు, అనగా చిత్రమును కుదించిన పద్ధతి. దీనినే కోడెక్ అందురు. హెచ్.264 అను పద్ధతి 2003లో వచ్చినది, హెచ్.265 పద్ధతి 2013లో వచ్చినది. రెండవది అంతే స్పష్టతను సుమారు సగము చోటులో ఇముడ్చగలదు. కాని ప్లేస్టేషన్ 4లోని మీడియా ప్లేయరు మొదటిదానిని మాత్రమే ఎరుగును. 2017 నుండి అనేక ఐఫోన్లు రెండవ పద్ధతిలో చిత్రీకరించుచున్నవి. బుట్ట ఒకటే అయినను ఒక వీడియో ఆడి మరియొకటి ఆడకపోవుటకు ఇది ముఖ్య కారణము. చిత్రము కనబడి శబ్దము వినరాకున్నచో, శబ్దపు కోడెక్ పొసగలేదని గ్రహింపవలెను.

ఫైలులోని కోడెక్ ఏదో వి.ఎల్.సి. చెప్పగలదు. హ్యాండ్‌బ్రేక్ అను మరియొక ఉచిత ప్రోగ్రాముతో వీడియోను ఎం.పి.4 ఫైలుగా, హెచ్.264 చిత్రముతోను, ఎ.ఎ.సి. శబ్దముతోను మార్చి, వేరొక పెన్ డ్రైవులో ఉంచిన అది కన్సోలులో ఆడును. ఇట్లు మార్చునపుడు నాణ్యత కొంత తగ్గును గనుక మూలప్రతిని చెరుపరాదు. ఈ పనికి గంటల కాలము పట్టవచ్చును. బంధువులు కూర్చుండి యుండగా అంత వ్యవధి లేకున్నచో, కంప్యూటరునే హెచ్.డి.ఎం.ఐ. తీగతో టెలివిజనుకు కలిపిన చాలును.

పెండ్లికి ముందే ఫోటోగ్రాఫరుతో ఈ వివరములు మాటలాడుకొనుట మంచిది. అంతకన్న ముఖ్యము, రెండు ప్రతులు తీసికొని రెండు ఊళ్లలో ఉంచుట. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనను చూచిన దివిసీమ వారికి, ఇంటనున్న ఒక్క ప్రతిని నమ్ముకొనరాదని వేరుగా చెప్పనక్కరలేదు.