ఇయర్‌ఫోన్స్ తప్పు కాదు

'డెత్ మాగ్నెటిక్' మొదటిసారి విన్నప్పుడు నా ఇయర్‌ఫోన్స్ పోయాయనుకున్నా. రూమ్‌మేట్‌వి అడిగి పెట్టుకున్నా. అదే గరగర. అప్పుడు వెతికితే తెలిసింది, పాడైంది ఆల్బమే అని.

మెటాలికా చిన్న బ్యాండ్ కాదు. వాళ్ల 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' (1986) అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలోకి ఎక్కిన మొదటి మెటల్ ఆల్బమ్. 2003లో వచ్చిన 'సెయింట్ యాంగర్' మాత్రం ఫ్యాన్స్‌ని బాగా నిరాశపరిచింది. గిటార్ సోలోలే లేవు, స్నేర్ డ్రమ్ ఏమో రేకు డబ్బా మీద కొట్టినట్టు ఉంటుంది. ఐదేళ్లు ఆగాక, 2008 సెప్టెంబర్‌లో, రిక్ రూబిన్ ప్రొడ్యూసర్‌గా 'డెత్ మాగ్నెటిక్' వచ్చింది. సోలోలు తిరిగొచ్చాయి, పాటలు నిజంగా బాగున్నాయి. నాకు బాధ అక్కడే. పాటలు చెత్తగా ఉంటే ఇంత రాసేవాణ్ణి కాదు.

అసలేం జరిగిందంటే, సీడీలో ప్రతి సెకనుకీ 44,100 శాంపిల్స్ ఉంటాయి. ఒక్కో శాంపిల్ 16 బిట్ల నంబర్, అంటే గరిష్ఠంగా 32,767. అంతకు మించి శబ్దానికి చోటు లేదు. అయినా పాట ఇంకా గట్టిగా వినిపించాలంటే, నెమ్మదిగా ఉన్న భాగాల్ని కూడా పైకి లాగి అన్నిటినీ ఆ కప్పుకి ఆనిస్తారు. ఇంకా పెంచితే వేవ్ తల తెగిపోతుంది. గుండ్రంగా ఉండాల్సిన చోట గీత గీసినట్టు చదును. దీన్నే క్లిప్పింగ్ అంటారు. జాతరలో మైక్ సెట్ వాడు వాల్యూమ్ చివరికంటా తిప్పేస్తే మాట పగిలినట్టు వినిపిస్తుంది చూడండి, ఇంచుమించు అదే.

ఎందుకు చేస్తారు? రెండు పాటలు పక్కపక్కన వింటే గట్టిగా ఉన్నదే బాగున్నట్టు అనిపిస్తుంది. అందుకే కంపెనీలు ఏళ్ల తరబడి పోటీపడి పెంచుకుంటూ పోయాయి. దానికి 'లౌడ్‌నెస్ వార్' అని పేరు కూడా ఉంది.

ఈ ఆల్బమ్ దొరికిపోయింది మాత్రం ఒక వీడియో గేమ్ వల్ల! అవే పాటలు 'గిటార్ హీరో' గేమ్‌లోకి కూడా వచ్చాయి. గేమ్‌కి ఒక్కో వాయిద్యం ట్రాక్ విడిగా కావాలి కాబట్టి, చివర్లో జరిగిన ఆ నొక్కుడు వాటి మీద పడలేదు. ఫ్యాన్స్ రెండు వేవ్‌ఫామ్స్ పక్కపక్కన పెట్టి చూశారు. గేమ్‌ది కొండలూ లోయలూ, సీడీది ఇటుక. మళ్లీ మిక్స్ చేయమని వేలమంది పిటిషన్ మీద సంతకాలు పెట్టారు. మాస్టరింగ్ చేసిన టెడ్ జెన్సెన్ అయితే, నా దగ్గరికి వచ్చేసరికే అది అలా ఉందని చెప్పేశాడు.

పోనీ ఇప్పుడు సరిచేయొచ్చా? 35,000 దాకా వెళ్లాల్సిన శాంపిలూ 32,767 అయింది, 50,000 దాకా వెళ్లాల్సిందీ 32,767 అయింది. ఏది ఏదో ఆ ఫైల్‌కే గుర్తులేదు. ఇన్వర్స్ లేని ఫంక్షన్ అన్నమాట. ఊహించి పూడ్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కానీ అది ఊహే.

ఇంకో తమాషా. స్పాటిఫైలో నార్మలైజేషన్ ఆన్‌లో ఉంటే గట్టిగా ఉన్న పాటల వాల్యూమ్‌ని యాప్ తనే తగ్గించేస్తుంది. అంటే తలలు నరికి సంపాదించిన ఆ గట్టిదనం కూడా ఇప్పుడు లేదు, తెగిన తలలు మాత్రం అలాగే ఉన్నాయి.

'ది డే దట్ నెవర్ కమ్స్' వినండి. మొదట్లో గిటార్ ఒక్కటే మెల్లగా, శుభ్రంగా వస్తుంది. డ్రమ్స్, డిస్టార్షన్ అన్నీ కలిసి మీద పడే చోటికి వచ్చాక ఒకసారి వెనక్కి వెళ్లి మళ్లీ వినండి. ఇయర్‌ఫోన్స్ మార్చకండి, లాభం లేదు.