ప్రపంచం ముగిసాక కూడా రూల్స్ ఉంటాయి: 'ఫైండర్' కామిక్ ఎందుకు చదవాలి?

పోస్ట్ అపోకలిప్స్ కథ అనగానే మనకి ఏం గుర్తొస్తుంది? జాంబీలు, ఎడారి, తుప్పు పట్టిన కార్లు, పెట్రోల్ కోసం కొట్టుకునే జనం. ఈరోజు నేను చెప్పబోయే కామిక్‌లో అవేమీ కనిపించవు. కానీ మన నాగరికత పోయి చాలా కాలం అయిపోయిన ప్రపంచమే అది.

కామిక్ పేరు 'ఫైండర్'. రాసేదీ, బొమ్మలు గీసేదీ ఒక్కరే. అమెరికన్ కార్టూనిస్ట్ కార్లా స్పీడ్ మెక్‌నీల్. 1996లో మొదలుపెట్టారు. పెద్ద కంపెనీ ఏదీ లేదు. లైట్‌స్పీడ్ ప్రెస్ అని సొంత పబ్లిషింగ్ పెట్టుకుని, బ్లాక్ అండ్ వైట్‌లో తనే అచ్చు వేసుకున్నారు.

అసలు ఆ ప్రపంచం ఏంటి?

భవిష్యత్తులో చాలా చాలా దూరం వెళ్లిపోయాం అనుకోండి. పెద్ద గోపురాల కింద కిక్కిరిసిన నగరాలు. అందులో ముఖ్యమైనది ఆన్వార్డ్. బయట ఖాళీ నేలల మీద తిరిగే సంచార తెగలు, సింహాల్లా ఉండే నిమా అనే జాతి. పాత ప్రపంచం ఎలా పోయింది, బాంబా, వైరసా? ఈ కథకి అది ముఖ్యం కాదు. పోయిన తర్వాత మిగిలిన మనుషులు మళ్లీ ఏ రూల్స్ పెట్టుకున్నారు అనేదే ముఖ్యం.

నగరంలో పెద్ద రూల్ ఒకటుంది. దాని పేరు క్లాన్, అంటే వంశం. ఒక్కో క్లాన్ వాళ్లు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటారు. మెడవార్ క్లాన్ వాళ్లు సైన్యం, పోలీసు లాంటి పనుల్లో ఉంటారు. లావెరాక్ క్లాన్ వాళ్లు అందానికి, ప్రదర్శనలకి పేరు. ఈ లావెరాక్ వాళ్లతో ఒక విషయం ఉంది. అందులో ఆడవాళ్లయినా మగవాళ్లయినా అందరూ చూడటానికి ఆడవాళ్లలాగే ఉంటారు. అక్కడ అది నార్మల్. ఎవ్వరూ వింతగా చూడరు.

కథలో ఎమ్మా అనే తల్లి ఉంటుంది, ఆమె లావెరాక్. పిల్లలు ముగ్గురు: రేచల్, లిన్, మార్సీ. వీళ్లలో లిన్ శరీరం మగపిల్లాడిది. రూపం, బట్టలు, జుట్టు చూస్తే అక్కచెల్లెళ్లకి ఏమీ తీసిపోరు. దీని మీద ఎమోషనల్ బీజీఎం ఉండదు, స్పీచ్ ఉండదు. ఆ ఇంట్లో ఒకరు, అంతే.

క్వీర్ అనే మాట కొత్తగా వింటున్నవాళ్లకి: గే, లెస్బియన్, బైసెక్సువల్, ట్రాన్స్, ఇలా ఆడ-మగ అనే రెండు డబ్బాల లెక్కలో ఇమడని వాళ్లందరికీ కలిపి వాడే మాట అది.

లిన్ గురించి తెలుగులో చెప్పి చూడండి

ఈ ఎపిసోడ్‌కి స్క్రిప్ట్ రాస్తుంటే ఒక ఇంట్రెస్టింగ్ విషయం తగిలింది. 'లిన్ వచ్చాడు' అనాలా, 'లిన్ వచ్చింది' అనాలా? మన భాషలో ఎదుటి మనిషి గురించి చెప్పేటప్పుడు క్రియ చివర్లోనే ఆడో మగో తేల్చేయాలి. కానీ మర్యాద ఇచ్చామనుకోండి, 'వచ్చారు' అంటాం. ఇబ్బంది పోయింది. 'తను' అనే మాట ఎవరికైనా సరిపోతుంది. ఇక మనిషి తన గురించి తను చెప్పుకుంటే, 'నేను వచ్చాను'. అందులో ఆడా మగా లేనే లేదు. హిందీలో అయితే 'ఆయా', 'ఆయీ' అని అక్కడ కూడా తేల్చుకోవాలి. అంటే లిన్ గురించి మాట్లాడటానికి మనం కొత్త మాటలేమీ కనిపెట్టక్కర్లేదు. కాస్త మర్యాద ఇస్తే చాలు.

మరి అంతా హ్యాపీనా?

ఇక్కడే 'ఫైండర్' నాకు బాగా నచ్చింది. ఆడ-మగ తేడా పట్టించుకోని క్లాన్ అంటే స్వర్గం అనుకుంటాం కదా. 'వాయిస్' అనే పుస్తకంలో పెద్దమ్మాయి రేచల్ కథ చదివితే సీన్ మారిపోతుంది.

క్లాన్‌లో సభ్యత్వం కావాలంటే పోటీలో నెగ్గాలి. ఒక రకంగా అందాల పోటీ, ఇంకో రకంగా డాగ్ షో. నువ్వు మా అచ్చుకి ఎంత దగ్గరగా ఉన్నావు అని జడ్జీలు కొలుస్తారు. రేచల్ తండ్రి బ్రిగమ్ మెడవార్ మనిషి. అంటే రేచల్‌లో రెండు వంశాలు కలిశాయి. సభ్యత్వం వస్తే హోదా, భద్రత. రాకపోతే గుంపులో గోవిందా. సరిగ్గా ఆ టైమ్‌లో, పోటీకి అవసరమైన వంశపారంపర్య ఉంగరాన్ని దొంగలు లాక్కుపోతారు. దాన్ని వెతుక్కుంటూ రేచల్ నగరం చీకటి సందుల్లోకి దిగుతుంది. తర్వాత ఏమైందో చెప్పను, చదవండి.

కులం, గోత్రం, సంబంధం లాంటి మాటలు వింటూ పెరిగిన మనకి ఈ లెక్క ఎవరూ ప్రత్యేకంగా వివరించక్కర్లేదు. తేడా ఏంటంటే, అక్కడ ముఖమే సర్టిఫికెట్.

చూడండి, ఒక రూల్ తీసేసిన చోట ఇంకో రూల్ వచ్చి కూర్చుంది. మగపిల్లాడు అమ్మాయిలా ఉంటే ఓకే. ముక్కు మాత్రం క్లాన్ ముక్కులా లేకపోతే కుదరదు. చాలా కథల్లో రిప్రజెంటేషన్ అంటే ఒక గే ఫ్రెండ్‌ని సైడ్ క్యారెక్టర్‌గా పెట్టి టిక్ కొట్టేస్తారు. మెక్‌నీల్ ప్రపంచాన్నే వేరేగా కట్టి, అందులో కూడా ఎవరు బయట నిలబడతారో చూపించారు. నాకు ఇది ఎక్కువ నిజాయితీగా అనిపించింది.

మొదటి కథ 'సిన్ ఈటర్' ఇంకా బరువైనది. సైనికాధికారి అయిన భర్త హింస నుంచి ఎమ్మా పిల్లలతో పారిపోయి వచ్చి బతుకుతుంటుంది. వాళ్లకి అండగా ఉండేవాడు జేగర్. సంచార తెగ రక్తం సగం ఉన్నవాడు, దారులు వెతికే ఫైండర్. అదే బ్రిగమ్ కింద ఒకప్పుడు పనిచేసినవాడు కూడా.

ఇండిపెండెంట్ అంటే నడిచేది ఎలా?

1996లో ఇలాంటి కుటుంబాన్ని మధ్యలో పెట్టి కథ రాయాలంటే, 'ఇది తగ్గించండి' అనే బాస్ లేకపోవడం పెద్ద ప్లస్. మైనస్ కూడా అదే. ప్రింటింగ్ ఖర్చు, అమ్మకం టెన్షన్ అన్నీ మీ నెత్తినే. 2005లో మెక్‌నీల్ విడి సంచికలు ఆపేసి, పేజీలు వెబ్‌లో పెట్టడం మొదలుపెట్టారు. కథ పూర్తయ్యాక పుస్తకంగా వేసేవారు. 2009లో బెస్ట్ వెబ్‌కామిక్‌గా ఐస్నర్ అవార్డు వచ్చింది. 2011లో డార్క్ హార్స్ 'వాయిస్'ని వేసింది, పాత కథలన్నీ 'ఫైండర్ లైబ్రరీ' పేరుతో రెండు లావు పుస్తకాలుగా తెచ్చింది. ఆ ఏడాది 'వాయిస్'కి లాస్ ఏంజెలెస్ టైమ్స్ బుక్ ప్రైజ్ కూడా దక్కింది. ఒక్క మనిషి, ఒక పెన్ను, 15 ఏళ్లు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

నా సలహా 'టాలిస్మన్'. చిన్నది, లైబ్రరీ మొదటి పుస్తకంలోనే ఉంటుంది. చిన్నపిల్ల మార్సీకి ఇష్టమైన ఒక పుస్తకం పోతుంది. తలలోకి నేరుగా కథలు ఎక్కించుకునే జనం మధ్య ఆ కాగితం పుస్తకం కోసం ఏళ్ల తరబడి వెతుకుతుంది. టెక్ బ్యాక్‌గ్రౌండ్ ఉన్నవాళ్లు ఆ తర్వాత 'డ్రీమ్ సీక్వెన్స్' పట్టుకోండి. అందులో ఒక మనిషి బుర్రే సర్వర్, జనం అందులోకి లాగిన్ అయి తిరుగుతుంటారు.

రెండు జాగ్రత్తలు. ఒకటి, నగ్నత్వం, ఇంట్లో హింస ఉంటాయి, 18 దాటినవాళ్లకే. రెండు, మొదట్లో కన్ఫ్యూజ్ అవుతారు, కంగారు పడకండి. పుస్తకం చివర మెక్‌నీల్ పేజీ పేజీకి నోట్స్ రాశారు. ముందు కథ చదివేసి, తర్వాత అవి చూడండి. ఫోన్‌లో అయితే జూమ్ చేస్తూ చదవాల్సి వస్తుంది, వీలైతే ట్యాబ్ మంచిది.

మీకు ఒక ప్రశ్న. రేపు అంతా పోయి మళ్లీ మొదటి నుంచి కట్టాలంటే, ఇప్పుడున్న రూల్స్‌లో మీరు తీసేసే మొదటి రూల్ ఏది? ఆలోచించి కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.