హెలికాప్టరు నీటిపై దిగవలసి వచ్చినపుడు

ఇంజను ఆగిపోయిన హెలికాప్టరు రాయివలె నేలకూలునని చాలమంది తలంతురు. అది నిజము కాదు. తిరునాళ్ళలో పిల్లలు కొనుక్కొను కాగితపు గాలిమరను చూడుడు. దానికి యంత్రమేమియు లేదు. పిల్లవాడు దానిని పట్టుకొని పరుగెత్తినచో ఎదురుగాలియే దానిని త్రిప్పును. హెలికాప్టరు రెక్కలకును ఇదే సూత్రము. ఇంజను ఆగిన మరుక్షణమున పైలటు తన ఎడమచేతి ప్రక్కనున్న మీటను క్రిందికి దింపును. రెక్కల వాలు తగ్గును. హెలికాప్టరు క్రిందికి జారుచుండగా ఎదురై వచ్చు గాలి ఆ రెక్కలను త్రిప్పుచునే యుండును. దీనిని ‘ఆటోరొటేషన్’ అందురు. మనము స్వయంభ్రమణ మనవచ్చును. నేల సమీపించినపుడు పైలటు ముక్కును పైకెత్తి వేగము తగ్గించి, పిదప మీటను పైకి లాగి, తిరుగుచున్న రెక్కలలో నిలువయున్న శక్తి నంతటిని వెచ్చించి మెల్లగా దిగును. ఆ శక్తి ఒకమారు వెచ్చమైన పిదప మరల రాదు. రెండవ ప్రయత్నమునకు తావు లేదు.

నేలపైనైనచో ఇంతటితో గండము గడచినట్లే. సముద్రముపైన ఇక్కడనే ఆరంభమగును.

ఆంగ్లమున నీటిపై దిగుటను ‘డిచింగ్’ అందురు. ‘డిచ్’ అనగా గొయ్యి. మనకు స్థిరపడిన మాట లేదు. ‘జలావతరణము’ అనిన చెవికి ఇంపుగనే యుండును గాని, అవతరణ మనగానే గంగ దివినుండి దిగివచ్చిన ఠీవి స్ఫురించును. ఈ దిగుటలో ఠీవి లేదు. ‘నీటిపై దిగుట’ యనుటయే మేలు.

పైనుండి చూచువానికి నీరు తన దూరమును తెలియనీయదు. పొలములపైన చెట్టో, గట్టో, గుడిసెయో కంటికి కొలతగా దొరకును. నిశ్చలమైన నీరు అద్దమువలె మోసగించును. అందుచే పైలటు కంటిని గాక, రేడియో తరంగములతో ఎత్తును కొలుచు పరికరమును నమ్మును. అలలున్నపుడు చిక్కు మరొక విధము. గాలికెదురుగా దిగినచో నీటిని తాకు వేగము తగ్గును; కాని గాలి యొక దిక్కునుండి వీచుచుండగా పెద్ద అలలు మరొక దిక్కునుండి వచ్చుచుండవచ్చును. అలకు ముఖాముఖిగా ఢీకొనరాదు. ఈ రెండింటికిని నడుమ ఒక దారిని కొద్ది క్షణములలో ఎన్నుకొనవలెను.

1995 జనవరి 19న ఉత్తర సముద్రముపై జరిగినది ఇట్టి నేర్పునకు ఉదాహరణము. స్కాట్లండులోని అబర్డీన్ నుండి బ్రే చమురు క్షేత్రమునకు 16 మంది ప్రయాణికులతోను, ఇద్దరు పైలట్లతోను పోవుచున్న సూపర్ ప్యూమా హెలికాప్టరుపై పిడుగు పడినది. తోక రెక్క దెబ్బతిని, హెలికాప్టరంతయు కంపించిపోయెను. కొద్ది నిమిషములకే తోక రెక్కలను త్రిప్పు గేర్‌బాక్సు ఊడిపోయినది. తోక రెక్కల పని యేమనగా, పైని పెద్ద రెక్కలు ఒకవైపునకు తిరుగుచుండ హెలికాప్టరు శరీరము రెండవవైపునకు తిరిగిపోకుండ నిలుపుట. అవి లేనపుడు ఇంజను శక్తియే శత్రువగును. కెప్టెన్ సెడ్రిక్ రాబర్ట్స్ స్వయంభ్రమణముతోనే హెలికాప్టరును దింపి, 6, 7 మీటర్ల ఎత్తున లేచుచున్న అలలమీద నిలువుగా నిలిపెను. 18 మందియు రబ్బరు తెప్పలోనికి చేరి ప్రాణములతో బయటపడిరి. అందరును దిగువరకు ఆ హెలికాప్టరు తలక్రిందులు కాలేదు.

అదియే విశేషము. ఇంజనులు, గేర్‌బాక్సు, రెక్కలు, బరువంతయు హెలికాప్టరు నెత్తిమీదనే యుండును. నిండుబిందెను తలకెత్తుకొని పడవలో నిలుచుండిన మనిషి స్థితి దానిది. ప్రక్కల ఉబ్బు వాయుసంచులు దానిని తేల్చును గాని, పెద్ద అలలకు అవియు చాలవు. 2013 ఆగస్టు 23న షెట్లండ్ దీవులలోని సంబర్గ్ వద్ద నీటిలో పడిన హెలికాప్టరు తిరగబడగా, 18 మందిలో నలుగురు మరణించిరి. మన దేశమున 2022 జూన్ 28న ముంబై హై చమురు క్షేత్రమున సాగర్ కిరణ్ రిగ్గు సమీపమున నీటిపై దిగిన హెలికాప్టరులోని 9 మందిలో నలుగురు దక్కలేదు.

అందుచేతనే సముద్రపు చమురుబావులకు పోవువారికి ఈతకొలనులో ఒక విచిత్రమైన పాఠము చెప్పుదురు. హెలికాప్టరు గదివంటి పెట్టెలో కూర్చుండబెట్టి, బెల్టు బిగించి, నీట ముంచి, పెట్టెను తలక్రిందులు చేయుదురు. కదలిక ఆగువరకు బెల్టు విప్పరాదు. ముందే విప్పినవాడు దిక్కు తెలియక తేలిపోవును. ఒక చేయి కిటికీ అంచును విడువరాదు. తలక్రిందులైన చీకటిగదిలో కుడియెడమలు కంటికి తెలియవు, చేతికి మాత్రమే తెలియును. సంబర్గ్ ప్రమాదము తరువాత 2014లో బ్రిటిష్ పౌరవిమాన శాఖ, ప్రయాణికులు నీటిలో ఊపిరి తీసికొనుటకు చిన్న పరికరమును ధరింపవలెననియు, హెలికాప్టరు తాళజాలని అలలున్ననాడు ప్రయాణమే మానవలెననియు శాసించినది.

ఇవన్నియు నేర్పదగినవి. నేర్పుటకు కష్టమైన దొకటి కలదు: ఇంకను ఎగురుచునే యున్న హెలికాప్టరును, తీరము ముందున్నదని తెలిసియు, సముద్రమున దింపుటకు నిశ్చయించుకొనుట.

2009 మార్చి 12న కెనడాలోని న్యూఫౌండ్లండ్ తీరమునకు ఆవల, 18 మందితో పోవుచున్న సికోర్‌స్కీ ఎస్-92 హెలికాప్టరు ప్రధాన గేర్‌బాక్సులోని నూనె కారిపోయినది. వడపోత గిన్నెను పట్టియుంచు టైటానియము సీలలు విరిగినవి. పైలట్లు సెయింట్ జాన్స్ వైపునకు మరలి, 800 అడుగుల ఎత్తునకు దిగి, తీరముకొరకు సాగిరి. నూనె లేకున్నను ఆ గేర్‌బాక్సు 30 నిమిషములు పనిచేయునను నమ్మకము ఆనాడు వాడుకలో నుండెను. మొదటి హెచ్చరిక వచ్చిన సుమారు 11 నిమిషములకే తోక రెక్కలను నడుపు పళ్ళచక్రము పాడైనది. హెలికాప్టరు నీటిని బలముగా ఢీకొన్నది. ఒక్కరే బ్రతికిరి. ఆ పైలట్లను తప్పుపట్టుట నాకిష్టము లేదు. ఇల్లు చేరవలెనను కోరిక ఎవరికి లేదు?

2012లో ఉత్తర సముద్రముపై మే 10న ఒకటి, అక్టోబరు 22న మరొకటి, రెండు ఈసీ 225 హెలికాప్టర్లలో గేర్‌బాక్సు ఇరుసు పగిలి నూనె ప్రసారము నిలిచిపోయినది. పైలట్లు అత్యవసర నూనె వ్యవస్థను నడిపిరి. వెంటనే అదియు విఫలమైనదని ఒక దీపము వెలిగినది. ఆ దీపము వెలిగినచో తక్షణమే దిగవలెనని నియమము. వారు నీటిపై దిగిరి. మొదటిదానిలో 14 మంది, రెండవదానిలో 19 మంది. ఒక్క ప్రాణమైనను పోలేదు. పిదప విచారణలో తేలినదేమనగా, అత్యవసర వ్యవస్థ చక్కగనే పనిచేసినది, దీపమే అబద్ధమాడినది. మరికొంతదూరము పోగలిగియుండిరని ఒడ్డున కూర్చుండి ఎవరైన అనవచ్చును. పైలటు ముందుండునది దీపమే గాని విచారణ నివేదిక కాదు గదా!

2013లో ఆ దీపమును వెలిగించు స్విచ్చిని సరిదిద్ది, ఆ హెలికాప్టర్లను మరల సముద్రముపైకి పంపిరి.