వాంతులు: కారణములు, మందులు, పంచాయతీ కర్తవ్యము

తొలకరి వానలకు గోస్తనీ నదిలో కొత్తనీరు దిగినపుడు తగరపువలస చుట్టుపట్టుల రైతులకు సంతోషము కలుగును. ఆ అదనులోనే మురుగు బావులలోనికి, పగిలిన నీటి గొట్టములలోనికి చేరి, వాంతులు, విరేచనములు వ్యాపించుటకు అవకాశము హెచ్చును. అట్టివేళ గ్రామస్థులు మొదట ఆశ్రయించునది పంచాయతీ సభ్యులనే. గావున కొన్ని ముఖ్య విషయములను ఇచట వివరించుచున్నాము.

వాంతి స్వయముగా వ్యాధి కాదు, వ్యాధికి చిహ్నము. దానిని నడిపించు కేంద్రము మెదడు అడుగుభాగమున కలదు. చెడిన ఆహారము తిన్నపుడు కడుపునుండియు, బస్సు ప్రయాణమున లోపలి చెవినుండియు, విషము చేరినపుడు నెత్తురు ద్వారాను దానికి సంకేతములు అందును. గర్భిణులకు తొలి మాసములలో వికారము సహజము. పచ్చకామెర్లు, మలేరియా, తలకు తగిలిన దెబ్బ, పేగు మెలిక, గుండెపోటు కూడ వాంతులకు కారణములు కావచ్చును.

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నములోని ఆర్.ఆర్. వెంకటాపురమున స్టైరీన్ ఆవిరి వెలువడగా, అనేకులు వాంతులతోను, ఊపిరాడకను బాధపడిరి. 12 మంది మరణించిరి. పలువురకు ఒక్కసారిగా వాంతులైనచో మాత్రలకై వెదకరాదు. గాలి చెడినదని అనుమానము కలిగిన వెంటనే జనులను దూరముగా తరలించవలెను. ఆహారముపై గాని నీటిపై గాని అనుమానమున్నచో వాని వాడకమును ఆపవలెను.

మందులును కారణమునుబట్టి మారును. ప్రయాణపు వాంతులకు ప్రోమెథజీన్‌ను బయలుదేరుటకు ముందే వాడుదురు. గర్భిణులకు డాక్సిలమైన్, పిరిడాక్సిన్ కలిసిన మాత్రను వైద్యులు ఇత్తురు. కేన్సరు చికిత్సలో కలుగు వాంతులను ఆండాన్‌సెట్రాన్ అణచును. డాంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్ కడుపులోని ఆహారమును ముందుకు కదల్చును. కాని మెటోక్లోప్రమైడ్ వలన పిల్లలకు మెడ, దవడ మెలితిరుగవచ్చును. డాంపెరిడోన్ గుండె లయను చెరుపవచ్చును. గావున వైద్యుని సలహా లేక వీనిని కొని వాడరాదు.

విరేచనములతో కూడిన వాంతులలో ప్రాణము తీయునది ముఖ్యముగా నీరు, లవణముల నష్టము. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరమున కలరా ప్రబలినపుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి మరణములను నూటికి 30 నుండి 4కు లోపునకు తగ్గించిరి. ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకనిచో లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 సమతలపు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపవలెను. వాంతియైనచో 10 నిమిషములు ఆగి, మరల చెంచాతో కొద్దికొద్దిగా పట్టవలెను. తల్లిపాలను మానరాదు.

పురుగుమందు గాని కిరోసిన్ గాని మింగినవారిచే బలవంతముగా వాంతి చేయింపరాదు. 108కి ఫోను చేసి, ఆ డబ్బాను కూడ ఆసుపత్రికి పంపవలెను. వాంతిలో నెత్తురు లేక పచ్చని పసరు, మూత్రము ఆగుట, మగత, తీవ్రమైన కడుపునొప్పి లేక తలనొప్పి కనిపించినచో జాగు చేయరాదు.

సభ్యులారా, బావినీటికి ప్రతి 1000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కలిపించి, గంట తరువాతనే వాడనిండు. పగిలిన గొట్టములను వెంటనే బాగుచేయింపుడు. ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురకు వాంతులైనచో ఆనాడే ఏ.ఎన్.ఎం.కు తెలుపుడు. ఆశా కార్యకర్త వద్ద ఓ.ఆర్.ఎస్. పొట్లములు ఉన్నవో లేవో వానలకు ముందే విచారింపుడు. ఊరిలో రోగము పుట్టిన పిమ్మట పరుగెత్తుటకంటె, నీటిని ముందుగా కాపాడుటయే సులభము.