పసి గుండె, పెద్దల యంత్రము

1947లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో శస్త్రచికిత్స జరుగుతూండగా 14 ఏండ్ల బాలుని గుండె లయ తప్పింది. డాక్టర్ క్లాడ్ బెక్ ఆ గుండెకే నేరుగా విద్యుదాఘాతమిచ్చి దానిని మరల కొట్టుకొనేటట్లు చేశారు. ఈ విధంగా మనిషి ప్రాణం నిలపడం అదే మొదలు. చిత్రమేమంటే, మొదట బ్రతికినది బాలుడే అయినా, తరువాత వచ్చిన యంత్రాలు పెద్దవారి కొలతలతోనే తయారయినవి.

నేడు విమానాశ్రయాలలో గోడకు అమర్చి ఉండే ఏ.ఇ.డి. అనే పెట్టె ఆ సంతతిదే. రెండు ప్యాడ్లు రొమ్ముకు అంటిస్తే చాలు, గుండె తరంగాలను తానే చదువుతుంది. గుండె క్రింది గదులు క్రమం లేక వణకుతున్నా, అక్కడినుండి మితిమీరిన వేగం పుట్టినా ఆఘాతం కావాలంటుంది. లేకపోతే వద్దంటుంది.

మరి పసివారితో చిక్కేమిటి? వేగమే! విశ్రాంతిగా ఉన్న పెద్దవారి గుండె నిమిషానికి 60 నుండి 100 మార్లు కొట్టుకొంటుంది. జ్వరంతో ఏడ్చే చంటిబిడ్డకు అది 200కు చేరవచ్చు. గుండె పైగదులలో పుట్టే తీవ్రవేగమైతే 220 కూడ దాటుతుంది. పెద్దల లెక్కన చూస్తే ఇది ప్రాణాంతకమైన లయగా తోచి, అక్కరలేని ఆఘాతం ఇచ్చే ప్రమాదముంది. అందుచేత వేగం ఒక్కటే గాక, తరంగం ఆకారమూ క్రమమూ కూడ చూడాలి.

2001లో వెలువడిన ఒక పరిశోధనలో 191 మంది పిల్లల 696 లయలను ఒక యంత్రానికి చూపించారు. ఆఘాతం అక్కరలేని లయలలో ఒక్కదానికీ అది పొరబడలేదు. వణకును నూటికి 96 మార్లు గుర్తించింది. క్రింది గదుల తీవ్రవేగాన్ని మాత్రం 71 మార్లే పట్టింది. 2003లో అంతర్జాతీయ నిపుణులు ఒకటి నుండి ఎనిమిదేండ్ల పిల్లలకు ఈ యంత్రం వాడవచ్చునన్నారు. 2010లో చంటిపిల్లలకు సయితం సమ్మతించారు.

ఆఘాతపు మోతాదు వేరు సంగతి. పెద్దలకు సాధారణంగా 120 నుండి 200 జౌళ్లు. పిల్లల ప్యాడ్లు వాడితే పలు యంత్రాలలో అది 50కి తగ్గుతుంది. ఎనిమిదేండ్ల లోపువారికి అవే మేలు. అవి దొరకకపోతే పెద్దల ప్యాడ్లనే అంటించాలి గాని ఊరకుండరాదు. చిన్న రొమ్ముపై రెండూ ఒకదానికొకటి తగిలేటట్లుంటే ఒకటి ముందు, ఒకటి వీపుపై అంటించాలి. యంత్రం లయ చదివేటప్పుడు బిడ్డను ఎవరూ తాకరాదు.

తల్లులు మరువరాని మాట మరొకటి. పిల్లల గుండె చాలా సార్లు ఊపిరాడకనే ఆగుతుంది: నీట మునిగి, గొంతుకడ్డుపడి. కనుక యంత్రం వచ్చేదాకా 30 మార్లు రొమ్ము నొక్కి, రెండు మార్లు ఊపిరి ఊదుతూ ఉండాలి. పక్కవారు 108కి గాని 112కి గాని ఫోను చేయాలి.

పిల్లలు చదివే బడిలో ఈ పెట్టె ఉన్నదా, అందులో పిల్లల ప్యాడ్లున్నవా? ఈ వారమే అడిగి తెలుసుకొనండి.