పోచంపాడు దారిలో రికార్డుల మూట

దోస్తులంతా కలిసి తుఫాన్ బండి మాట్లాడుకుని పోచంపాడు నీళ్లు చూసొద్దామంటే, కాగజ్‌నగర్‌లో ఎవరైనా బండిని నేరుగా ఆసిఫాబాద్ వైపే తిప్పుతారు. నన్నడిగితే ముందు అటు కాదు, ప్రాణహిత వైపు పోనిమ్మంటాను. కౌటాల మండలం తుమ్మిడిహెట్టి దగ్గర వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతాయి. అక్కణ్నుంచి కాళేశ్వరంలో గోదావరిని చేరేదాకా ఆ పేరుతో నది పారేది 113 కిలోమీటర్లే. అయినా గోదావరి ఉపనదులన్నిట్లోకి ఇదే పెద్దది! గోదావరి పరీవాహక ప్రాంతంలో మూడో వంతుకు పైగా, అంటే దాదాపు లక్షా 9 వేల చదరపు కిలోమీటర్లు దీని కిందివే.

ఆ చుట్టుపక్కల అడవిలోనే, పెద్దవాగు మీదికి ఒరిగినట్టుండే పాలరాపు గుట్ట ఉంది. దాని రాతి అంచుల మీద పొడుగుముక్కు రాబందులు కాపురముంటున్న సంగతి 2013లో బయటపడింది. ఈ పక్షులు అరుదైపోయాయి: పశువులకు వేసిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల్లో మిగిలి, వాటిని తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. కానీ ఆడ రాబందు ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డే. పోయినంత తొందరగా సంతతి తిరిగి రాదు.

ఇప్పుడు బండి వెనక్కి. ఆసిఫాబాద్, కెరమెరి ఘాట్, జైనూర్, ఉట్నూర్ దాటితే ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ వస్తుంది. బిడారు ప్రయాణాలకు ఎవరైనా బహుమతి పెడితే నా ఓటు మెస్రం వంశం గోండులకే. పుష్య అమావాస్య నాడు మొదలయ్యే నాగోబా జాతర కోసం వాళ్లు చెప్పుల్లేని కాళ్లతో జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగు దాకా నడిచిపోతారు. ఇత్తడి ఝరిలో గోదావరి నీళ్లు ముంచుకుని మళ్లీ నడిచే వస్తారు. ఝరిని నేల మీద దించరు. కుటుంబాలేమో ఎడ్ల చకడాల మీద చేరుకుని మర్రిచెట్ల కింద మకాం పెడతాయి. వంశమంతటికీ వంట పొయ్యిలు 22 మాత్రమే. జనం వేలల్లో వచ్చినా పొయ్యి పెరగదు, వంతులేసుకుని వండుకుంటారు. మన బండిలో ఏసీ పనిచేయలేదని అలిగేవాళ్లకు ఈ సంగతి చెప్పి చూడండి.

గుడిహత్నూర్ దగ్గర ఎక్కే 44వ నంబరు రోడ్డు దేశంలోకెల్లా పొడవైన జాతీయ రహదారి. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా. నేరడిగొండ దగ్గర పక్కకు తిరిగితే కుంటాల జలపాతం, 45 మీటర్ల ఎత్తు. అక్కడ దూకేది కడెం నదే. దిగువన కడెం ప్రాజెక్టు కట్టను 1958లో వరద తెంచింది. 3 లక్షల క్యూసెక్కులు తట్టుకునేలా కట్టిన దాని మీదికి 2022 జూలైలో 5 లక్షల దాకా వచ్చిపడ్డాయి. 18 గేట్లలో 17 లేచాయి, ఒకటి మొరాయించింది. అయినా ఆనకట్ట నిలబడింది! ఇంజినీర్లు దీన్ని ఇప్పటికీ వింతగానే చెప్పుకుంటారు.

పోచంపాడులో, అదే శ్రీరాంసాగర్‌లో, అసలు తగాదా మొదలవుతుంది: ఏది పెద్దది? గేట్లు లెక్కపెడితే దీనికి 42. దిగువ ఎల్లంపల్లి బ్యారేజీకి 62, మేడిగడ్డ బ్యారేజీకి 85. కానీ ఎల్లంపల్లిలో పట్టేది 20 టీఎంసీలు, మేడిగడ్డ కట్టినప్పటి లెక్క 16 చిల్లర. శ్రీరాంసాగర్‌లో 80. గేట్లకూ నీళ్లకూ పొత్తు లేదు. 1963 జూలై 26న నెహ్రూ పునాది రాయి వేసిన ఈ ప్రాజెక్టు మొదటి లెక్క 112 టీఎంసీలు. ఎగువ నల్లరేగళ్ల ఒండ్రు చేరి చేరి 90కి, తర్వాత 80కి దిగింది. నాగార్జునసాగర్ కూడా 408 నుంచి 312కు జారింది. పాత పుస్తకాల్లో అంకెలు చూసి పందెం కాసేవాళ్లు ఓడిపోతారు.

నిండితే పోచంపాడు నీళ్లు సుమారు 450 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటాయి. ఆస్ట్రేలియా ఎడారిలోని ఐర్ సరస్సు నిండితే 9,500. మనవాళ్ల పిల్లలు అక్కణ్నుంచి పంపే ఫొటోల్లో తరచూ ఉప్పు పర్రే కనిపిస్తుంది, ఎందుకంటే అది నిండేది ఎప్పుడో ఒకసారి. ఆ ఖండంలో అన్నిటికన్నా పల్లపు చోటు అదే, సముద్ర మట్టానికి 15 మీటర్ల దిగువ. 1964 జూలైలో ఆ ఎండిన అడుగు మీద డొనాల్డ్ క్యాంప్‌బెల్ బ్లూబర్డ్ కారును గంటకు 648 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. అదే ఏడు డిసెంబరు 31న మరో ఆస్ట్రేలియా సరస్సులో పడవ వేగం రికార్డునూ కొట్టాడు. ఒకే ఏడాది నేల మీదా నీటి మీదా రికార్డు పట్టినవాడు అతనొక్కడే.

మన దగ్గర సుప్రీంకోర్టు 2013 తీర్పుతో ఎగువన బాబ్లీ బ్యారేజీ గేట్లు జూలై 1న తెరవాలి, అక్టోబరు 28 దాకా తెరిచే ఉంచాలి. కనుక గేట్లెత్తిన పోచంపాడు కావాలంటే ఆగస్టు, సెప్టెంబరులో పోవాలి. వెనకజలాలు తగ్గిన చోట పచ్చిక మేసే జింకలు కావాలంటే ఎండాకాలం. గేట్లెత్తిన ఆదివారం మాత్రం ఆకలయ్యాక చేపల వేపుడు బండి దగ్గరికి పోకండి, ముందే చెప్పి పెట్టుకోండి.